ఆరుగురు పట్టే గుడారం

“మేకును నిటారుగా దిగగొట్టకూడదు. దాని తల గుడారానికి ఎడంగా వాలి ఉండాలి. అప్పుడే తాడు ఎంత లాగినా ఊడదు.”

పక్కనే తన గుడారం వేసుకుంటున్న పెద్దాయన అనంతయ్య, తరగతిలో పాఠం చెబుతున్నట్లు చెప్పాడు. ఫర్హాన్ సుత్తి పట్టుకుని బుద్ధిగా తల ఊపాడు. భార్య ఉమేరానూ, ఐదేళ్ల ముబషిరానూ వెంటబెట్టుకుని కృష్ణ ఒడ్డున ఒక రాత్రి గడుపుదామని వనపర్తి నుంచి వచ్చాడతను. గుడారం కొత్తది. సంచికి అంటించిన ధర చీటీ కూడా ఇంకా చింపలేదు.

మే నెల కావడంతో డ్యాం వెనుకజలాలు చాలా దూరం తగ్గిపోయాయి. నలుదిక్కులా మెత్తని ఇసుక ఉన్నా, అనంతయ్య మాత్రం తన గుడారానికి రాతి పలకలు తేలిన చోటునే ఎంచుకున్నాడు. ఎంచుకోవడం కూడా ఊరికే కాదు. దూరాన ఉన్న పెద్ద గుండు దగ్గర నుంచి టేపు పట్టి కొలిచాడు. రెండుసార్లు తప్పిందని గుర్తు చెరిపి, మూడోసారి సున్నంతో గీత గీశాడు.

“టెంటుకు గూడ గిన్ని కొలతలుంటయా సార్?” అన్నాడు ఫర్హాన్.

“సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. కొలవనిదే కూర్చోలేను.”

“గీడ అంత రాయే ఉంది గద. నడుము విరగదా?”

“దళసరి పరుపు చాప వేసుకుంటే రాయి తెలియదు. మీరు ముందు మీ టార్పాలిన్ పట్టా సంగతి చూడండి. గుడారం కింద పట్టా పరవడం తప్పనిసరి. దాని అంచు బయటికి రాకూడదు, వాన పడితే నీళ్లు లోపలికి తెస్తుంది. పొయ్యి గుడ్డకు ఆరడుగుల దూరంలో ఉండాలి. చెప్పులు సంచిలో కట్టి పెట్టండి, తేళ్లు దూరుతాయి.”

ఉమేరా ఆయన గుడారంలోకి తొంగి చూసింది. ఆరుగురు పడుకోగల గుడారంలో ఒక చాప, ఒక పళ్లెం, ఒక గ్లాసు ఉన్నాయి. అడుగు గుడ్డను జిప్పు తీసి, మడిచి, ఒక మూల పెట్టాడాయన. కింద ఉత్త బండలు.

“మాకు పట్టా ఉండాల్నంటిరి, మీకేది అంకుల్?”

“నాకు అక్కరలేదమ్మా.”

“ఇంకెవరన్న వస్తున్నరా?”

“లేదు.”

“మరి గింత పెద్దది?”

“చిన్నది సరిపోదు.” తాడు బిగిస్తూ మళ్లీ ఆయనే అన్నాడు. “మా ఆవిడా నేనూ కలిసే కొన్నాం. రెండు వేసవులు నీళ్లు దిగలేదు. దిగేసరికి ఆమె లేదు.”

ఇంతలో పడవల రేవు కాపలాదారు బాలయ్య కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

“ఏంది సారూ, పొద్దుగాలనే చెప్పిన గద! ఇది డ్యాం కట్టినకాడికెల్లి మునిగుండె నేల. గట్టు మీద జాగ చూపిచ్చిన, ఆడికి పోండ్రి.”

“నీటికి రెండు వందల అడుగుల దూరంలో ఉన్నాను. ప్రమాదం లేదు.”

“నా పరేషాన్ నీళ్లతోని కాదు, మీతోని. పోయిన్నెల ఒకాయన గిట్లనే ఒంటిగ వచ్చిండు. సంచి ఒడ్డున దొరికింది, మనిషి దొరకలె.”

అనంతయ్య సుత్తి కింద పెట్టాడు. అంతవరకూ ఎత్తి ఉన్న తల కొద్దిగా వంగింది.

“ఒక్క రాత్రి, బాలయ్యా. తెల్లవారగానే నేనే విప్పుకుంటాను. వానలు పడ్డాయంటే ఈ చోటు ఇక నాకు దొరకదు. బతిమాలుతున్నాను.”

“గట్టు మీద మెత్తటి జాగ ఇడిసిపెట్టి, గీ రాళ్ల మీద ఏముంది సారూ?”

అనంతయ్య వంగి, సున్నపు గీత మీద పడిన ఇసుకను చేత్తో తుడిచాడు.

“ఫ్యామిలీ ఉంటె వేరు. ఒంటి మనిషిని ఇడిసిపెట్టి పోతె నాకు నిద్ర పడ్తదా? చీకటి కాకముందె విప్పుండ్రి.”

ఆ మాట ముగిసీ ముగియకముందే పడమటి నుంచి గాలి లేచింది. బండల సందుల్లో బిగిసిన అనంతయ్య మేకులు నిలిచాయి గానీ, ఇసుకలో దిగిన ఫర్హాన్ మేకులు ఒక్కొక్కటిగా ఊడివచ్చాయి. కొత్త గుడారం పల్టీలు కొడుతూ నీటి వైపు పోయింది. ఫర్హాన్, బాలయ్య దాని వెంట పరుగెత్తారు. ముబషిరా ఏడుపు అందుకుంది.

“లోపలికి రండి!” అని కేక వేశాడు అనంతయ్య. “పాపను ఆ గోడ వారగా కూర్చోబెట్టండి. అక్కడికి గాలి రాదు.”

గుడ్డను గోడ అంటాడేమిటని ఉమేరా ఆ కంగారులోనూ నవ్వుకుంది. అయినా ఆ మూల నిజంగానే గాలి తగలలేదు.

గాలి తగ్గాక ఫర్హాన్ గుడారపు విరిగిన కమ్మీలతో తిరిగివచ్చాడు. వెనుకనే బాలయ్య.

“ఇగ అందరు గట్టెక్కుండ్రి.”

ఉమేరా కదలలేదు. “మేం యాడికి పోం భయ్యా. తాతతోని ఈడనే ఉంటం.”

“ఏమైతడు మీకీన?”

ఆమె అనంతయ్య వైపు చూసింది. ఆయన చేతులు గుడారపు కమ్మీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

“మేమంత ఒక్క ఇంటోళ్లమే” అంది.

బాలయ్య ఆమె బురఖానూ, ఆయన నుదుటి బొట్టునూ మార్చి మార్చి చూసి పెద్దగా నవ్వాడు. “మంచిగుందమ్మా మీ ఇల్లు! తెల్లారితె మడిచి సంచిల పెట్టుకపోతరు. సరె, ఉండుండ్రి.” కర్ర ఊపుకుంటూ గట్టెక్కి పోయాడు.

అనంతయ్య ఉన్న ఒక్క చాపనూ పాపకు పరిచాడు. ముబషిరా పడుకోలేదు. మూలన బండలో గుండ్రటి గుంత ఒకటి చూసి, అందులోని ఒండ్రును వేళ్లతో తోడసాగింది.

“తాతా, గీ గుంత ఎందుకు? లైటు పెట్టనీకా?”

అనంతయ్య ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నున్నగా అరిగిన ఆ రాతిలో చేయి పెట్టాడు.

“మా అమ్మ గిందులనే కారం దంచుతుండె, బిడ్డా.”