ఎవరి వంతూ కాని నీళ్లు

ఎడారి అంచునున్న నఫ్తా ఊరి ఖర్జూర తోటల్లో ఒకరు మడవ తీస్తే నలుగురి వంతు నీళ్లూ పారతాయి. అక్కడి పిల్లలూ అంతే. నలుగురు కలిసి చేసిన పనిని ఒకరి ఫోన్లోంచే పంపేస్తారు. కాలేజీ కంప్యూటరు మాత్రం అంతా ఆ ఒక్కరి పేరునే రాసుకుంటుంది.

అందుకే ఆ రాత్రి దలెందా టీచరు, తోట కాలువ గురించి తన విద్యార్థిని సాల్హా, ఆమె జట్టు నలుగురి తరఫున పంపిన రికార్డింగుల్లో ఏది ఎవరిదో గొంతు పట్టి విడదీస్తోంది. తెల్లారేలోగా ఎవరి మార్కు వాళ్లకు వేయాలి. మార్కు పడకపోతే ఆ జట్టులోని మబ్రూకాకు ఏడాది పోతుంది.

నాలుగో రికార్డింగు మబ్రూకాదే. పేరు చెప్పి, నిద్రలో మాట్లాడుతున్నట్టు మెల్లగా సాగింది. వెనకాల నీళ్ల చప్పుడు.

దలెందా సాల్హాకు ఫోన్ చేసింది.

"నాలుగూ బాగున్నాయే. మబ్రూకాది మరీను."

"నాలుగెక్కడివి మేడమ్? నేను పంపింది మూడే. ఈ మహారాణి మంచం దిగితేగా!" సాల్హా నవ్వింది. "జ్వరంతో నోట మాటే లేదు. దీని పక్కనే కూర్చుని ఉన్నా."

దలెందా ఫోన్ దగ్గరగా పెట్టి ఆ రికార్డింగు వినిపించింది. అవతల నవ్వు ఆగిపోయింది.

"ఆపండి మేడమ్. దాంతోపాటే ఇది పెదాలు కదుపుతోంది."

దలెందా ఆపేసింది. "ఇప్పుడో?"

"ఇంకా కదుపుతూనే ఉంది."

ఆ మార్కు కోసమేనేమో అనిపించి, దలెందా గబగబా మబ్రూకా పేరు ఎదుట మార్కు వేసింది.

"ఇప్పుడో తల్లీ?"

"ఆగింది మేడమ్."

పెదాలా, ఊపిరా అని అడగబోయి, అడగలేకపోయింది. తన ఇంటి గోడ వెనక కాలువలో, ఆ రాత్రి ఎవరి వంతూ కాని నీళ్లు పారుతున్నాయి.