చూడవచ్చిన మనిషి

"ఈ పొద్దు కాదు పెద్దమ్మా, రేపు రా."

గుమ్మంలో నిలబడిన ముసలామె ఆ మాటకు కదల్లేదు.

"రైలు దిగి నడిచి వచ్చినా తల్లీ. కాసేపు కూర్చుంటా" అంది.

స్రవంతికి ఆమెతో వాదించే తీరిక లేదు. గ్రాంటు ఇచ్చే సంస్థ నుంచి గిరిధర్ అనే ఆఫీసరు ఆ రోజే హైదరాబాదు నుంచి వస్తున్నాడు.

తర్లుపాడులో రెండు అద్దె గదుల్లో నడుస్తోంది స్రవంతి కేంద్రం. నడవలేని పిల్లలు, మెడ నిలవని పిల్లలు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోలో వస్తారు. వాళ్ళ చేతులూ కాళ్ళూ సాగదీసి కసరత్తు చేయించేది ఆమె ఒక్కతే. వంటకూ పైపనికీ రోశమ్మ ఉంది. స్రవంతికి జ్వరమొస్తే కేంద్రానికి తాళమే.

ఈ గ్రాంటు పిల్లల తిండికో మందులకో ఇచ్చేది కాదు. సంస్థ గట్టిపడటానికి ఇచ్చేది. వస్తే ఇద్దరు అమ్మాయిలకు శిక్షణ ఇప్పించవచ్చు, లెక్కలు చూసే మనిషిని పెట్టుకోవచ్చు. రాకపోతే వచ్చే ఎండాకాలం గట్టెక్కడం కష్టం.

చివరికి రెండు సంస్థలు మిగిలాయనీ, ఒక్కదానికే ఇస్తామనీ గిరిధర్ రెండు చోట్లకూ ఫోను చేసి ముందే చెప్పాడు. రెండోది దొనకొండలో ఉంది, అక్కడికి మర్నాడు వెళ్తాడు. ఇలాంటిదే, కానీ పాతది, పేరున్నది.



చాపలు సర్ది తిరిగి చూసేసరికి ముసలామె లోపలికి వచ్చేసి, ఆరేళ్ళ అమూల్య పాదం ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది.

"పిల్లల్ని ముట్టుకోబాక పెద్దమ్మా. నువ్వెవరో ఏందో."

"నువ్వు ఊరికి పోతే వీళ్ళనెవరు చూస్తారమ్మా?"

మనవణ్ణో మనవరాలినో చేర్పించడానికి వచ్చి ఆరా తీస్తోందనుకుంది స్రవంతి. రోశమ్మకు సైగ చేసింది. రోశమ్మ ఆమెను లేపి బయట అరుగు మీద కూర్చోబెట్టి వచ్చింది. మంచినీళ్ళు ఇవ్వాలన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

కారు వచ్చి ఆగింది.

గిరిధర్ మర్యాదస్థుడే, కానీ ప్రశ్నలు సూటిగా ఉన్నాయి. కమిటీ ఎన్నాళ్ళకోసారి కూర్చుంటుంది, ఆడిట్ ఎవరు చేస్తారు, మూడేళ్ళ ప్రణాళిక ఏమిటి? స్రవంతి ఒక్కోదానికీ జవాబు చెప్పింది.

"మీరు లేకపోతే ఈ సంస్థ ఎలా నడుస్తుంది?" అన్నాడు ఆఖరికి.

ఆ జవాబు వారం రోజులుగా బట్టీ పట్టింది. నోరు తెరవబోయేంతలో పక్క గదిలోంచి రోశమ్మ కేక వినిపించింది. అమూల్యకు మూర్ఛ వచ్చింది.

స్రవంతి పరుగెత్తింది. పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర గుండీలు వదులు చేసి, కొట్టుకోవడం ఆగేదాకా కనిపెట్టుకుని ఉంది. తెలివొచ్చాక పాప ఆమె కొంగు పట్టుకుని వదల్లేదు.

గిరిధర్ గుమ్మం దగ్గరికి వచ్చాడు. టైము చూసుకున్నాడు. కాగితాలైనా చూపించగలరా అని అడిగాడు.

"ఇప్పుడు లేవలేను సార్. లేస్తే మళ్ళీ బెదురుకుంటాది."

సరేనని వెళ్ళిపోయాడు.

కారు చప్పుడు దూరమయ్యాక స్రవంతికి ఏడుపు తన్నుకొచ్చింది. చేతికందింది పోయింది. ఈ పిల్లల తల్లులకు ఏం చెప్పాలి? తలెత్తితే కిటికీ అవతల నుంచి ముసలామె చూస్తోంది.

"ఏంది చూస్తావు పెద్దమ్మా, పో ఇంక" అని కసిరింది.

"పోతాండాలే తల్లీ. పాపకు గొంతు తడుపు" అని ఆమె మెల్లగా మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత ఫోను మోగితే చాలు, స్రవంతి పరుగెత్తి తీసేది. అన్నం సయించేది కాదు.

చివరికి గిరిధరే ఫోను చేశాడు. గ్రాంటు మీకే అన్నాడు.

ఆమె తడబడుతూ కృతజ్ఞతలు చెప్పబోతే అడ్డుపడ్డాడు. "నాకెందుకమ్మా, నేను దొనకొండకే ఇవ్వమని రాశాను. వాళ్ళే వద్దని, మీకిమ్మన్నారు. కారణం అడిగితే చెప్పలేదు."

వాళ్ళకు ఎక్కడో ఇంతకంటే పెద్ద గ్రాంటు దొరికి ఉంటుందని రోశమ్మ తేల్చేసింది. స్రవంతీ అదే అనుకుంది. ఇద్దరమ్మాయిలు శిక్షణ ముగించుకుని వచ్చారు. చాలా రోజుల తర్వాత ఆమెకు కంటి నిండా నిద్ర పట్టింది.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం, కేంద్రం ముందు రెండు ఆటోలు ఆగాయి. తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని దిగారు. వాళ్ళ వెంట ఒక పెద్దాయన. పేరు మాలకొండయ్య అనీ, దొనకొండ నుంచి వచ్చామనీ చెప్పాడు.

"ఆడ మా యింటామె నడిపే బడి మూసేసినామమ్మా. ఆమెకు కేన్సరు. చలికాలంలోనే బయటపడింది. పోయిన నెల కన్ను మూసింది."

స్రవంతి కుర్చీ జరిపి, కూర్చో పెదనాయనా అంది.

ఆయన కూర్చోలేదు. "ఈ పిల్లల్ని నీకాడనే ఒప్పజెప్పమని చెప్పి పోయింది. వారానికి రెండు దినాలు రైల్లో నేనే తోడుకొని వస్తా. కాదనబాక."

"కాదనను. కానీ నేనెవరో ఆమెకెట్ల తెలుసు? ఆమెను నేనెన్నడూ చూడలేదే."

మాలకొండయ్య ఆశ్చర్యంగా ఆమె ముఖంలోకి చూశాడు.

"గ్రాంటు సారు వచ్చిన పొద్దు, తన వెనక పిల్లల్ని చూసుకునే మనిషి యాడన్నా ఉందేమోనని రైలెక్కి వచ్చి, మీ అరుగు మీదనే కూర్చోని పోయింది గదమ్మా."