ముల్లు దిగని సరుకు

"ఇవి మా గోరంట్ల దారి ముండ్లు. వీటికి తట్టుకునే టైర్లియ్యప్పా!" అంటూ రంగప్ప గోనెసంచిని హిందూపురం సైకిల్ షాపులో గుమ్మరించాడు. తుమ్మముళ్లు నేలంతా పరుచుకున్నాయి.

షాపు యజమాని వీరభద్రయ్య చెప్పులతోనే ఎగిరి స్టూలెక్కాడు.

"యుద్ధం రోజుల్లో మంచి టైర్లు యాడ దొరుకుతాండాయి రంగప్పా? ముల్లు కనపడితే బ్రేకు పట్టి దిగితే పోలేదా?"

"నా సైకిలుకు బ్రేకూ లేదు, ఫ్రీవీలూ లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరగాల్సిందే. ముల్లు కనపడినా నిలిచేది లేదు."

రెండు రకాల టైర్లలో రంగప్ప ముల్లు గుచ్చి చూశాడు. రెండింట్లోనూ సర్రున దిగింది. మూడోదానికి ముల్లే విరిగింది.

"టైరంటే ఇదీ!"

రంగప్ప తన సైకిలును ఎత్తి పట్టుకుంటే, వీరభద్రయ్య స్టూలు దిగకుండానే ఆ జత బిగించాడు. రంగప్ప కొత్త టైర్లను పైపంచెతో తుడిచి, సైకిలును భుజానికెత్తుకున్నాడు.

"అదేందప్పా, ఎక్కి పోవా?"

"ఇంత మంచి టైర్లను ఆ ముండ్లల్లో తొక్కించేదానికి నాకేమన్నా పిచ్చా?"

రంగప్ప ఒట్టి కాళ్లతో, నేల మీది ముళ్ల మీదుగానే రోడ్డెక్కాడు. అరికాళ్ల కింద ముళ్లు పటపటా విరిగాయి.

ముల్లు దిగని సరుకు తన షాపులోకి నడిచొచ్చి, నడిచే వెళ్లిపోతోందని వీరభద్రయ్యకు స్టూలు మీదే అర్థమైంది.