వంకర చక్రం

ట్రాక్టరుకు కట్టి లాగుతూ పొలంలో రాళ్ళు ఏరే యంత్రం ఈ రోజుతో పూర్తయింది. ఏడాదిగా నేను గీసిచ్చిన కొలతల ప్రకారమే చేశాం. ఎప్పుడు లాగినా మట్టీ రాళ్ళూ కలిసి జల్లెడలో కూరుకుపోయేవి.

ఈ ఉదయం వెల్డరు కోడిగుడ్డులాంటి చక్రం పట్టుకొచ్చాడు.

"గుండ్రంగా కోయడం కూడా రాదా నీకు?"

"ఒక్కసారి లాగి చూడండి సార్. తర్వాత తిడుదురుగాని."

చక్రం తిరిగినప్పుడల్లా జల్లెడ ఎగిరిపడింది. మట్టి జారిపోయింది. రాళ్ళు మిగిలాయి.

"ఇది నీ బుర్రకెలా తట్టింది?" అన్నాను.

"నా బుర్ర కాదు సార్. అమ్మగారు పోయినేడే చెప్పారు. మీరు వద్దన్నారటగా?"

నిజమే. జల్లెడ ఊపకపోతే మట్టి దిగదని నా భార్య చెబితే, వంటింటి చదువు వంటింట్లోనే ఉంచుకోమన్నాను. ఆమె గంప తీసుకుని సగం పొలం చేత్తో ఏరింది. మిగతా సగం ఏరడానికి ఆమె మిగల్లేదు.

యంత్రం నుదుట నా పేరు, దాని పక్కన నా డిగ్రీ, పెద్దక్షరాలతో రాయించుకున్నాను. రేపు పొద్దున్నే రెండూ గీకేస్తాను.