మూడో క్యారియర్

"దీని మీద ఏనుగును కూసోబెట్టినా వంగదు," అన్నాడు వెంకటనారాయణ సేటు, కారు టాపు మీద బిగించే ఇనుప క్యారియర్‌ను అరచేత్తో ఠంగుమని కొడుతూ.

"ఏనుగైతే నాకు ఫికరే లేదు సేటూ. ఇది జర నాజూకు సరుకు," అన్నాడు టాక్సీ ప్రకాశం.

ఆ నాజూకు సరుకు దుకాణం ముందు తోపుడు బండి మీద ఉంది. రెండు కయాక్‌లు. ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి ఫైబర్ పడవలు. ప్రకాశం కారు కంటే అవే పొడుగు. ఒకటి అతని కూతురు రాజమణిది, రెండోది ఆమె స్నేహితురాలు కళావతిది. మర్నాడు పొద్దున్నే హిమాయత్‌సాగర్‌లో పోటీ. వాటిని మోసుకుపోవాల్సిన క్లబ్బు లారీ సరిగ్గా ఇప్పుడే చెడి కూర్చుంది. అరచేతులు కాయలు కాసేలా ఏడాదంతా తెడ్డు వేసిన పిల్ల, పడవ లేక ఒడ్డున నిలబడితే తండ్రి ప్రాణం ఊరుకుంటుందా? అందుకే ముసురును కూడా లెక్కచెయ్యకుండా తన నల్ల అంబాసిడర్‌ను తెచ్చి కార్వాన్‌లో ఈ కారు సామాన్ల దుకాణం ముందు ఆపాడు.

"పడవ పగిలితే పోటీ లేదు. మంచిగ కుదిరేదాంక కడతం, ఇప్పుతం. లొల్లి చెయ్యొద్దు సేటూ," అంది రాజమణి.

"కట్టుర్రి బిడ్డా, నాదేం పోయింది! పురానాపూల్ దాంక ఓ చక్కర్ కొట్టి రార్రి. కుదరకుంటే ఇంకోటి ఇస్త," అన్నాడు సేటు దర్జాగా. పాపం, ఆ పిల్ల సంగతి అప్పటికి అతనికి తెలియదు.

మొదటి క్యారియర్ బిగించి, పడవలను పక్కపక్కనే పడుకోబెట్టి కట్టారు. మూసీ ఒడ్డు వెంట కారు మెల్లగా పోతుంటే, చాయ్ హోటల్లోని జనం సాసర్లు చేత పట్టుకునే బయటికి వచ్చి చూశారు. ప్రకాశం కాలరు సర్దుకున్నాడు. పురానాపూల్ దగ్గర బ్రేకు వేయగానే పడవలు జర్రున జారి బానెట్ దాటి రోడ్డు మీదికి తొంగిచూశాయి.

"ఇది నక్కో," అంది రాజమణి.

రెండోది ఎత్తుగా ఉంది. ఈసారి పడవలను ఒక పక్కకు ఒరిగించి నిలబెట్టారు. గాలి కొట్టినప్పుడల్లా కారే పక్కకు పోతున్నట్టు అనిపించింది. దారి పొడుగునా జనం ఇందాకటి కంటే ఎక్కువగా నిలబడ్డారు. డాబాల మీద ఆడవాళ్లు కూడా ఒకరికొకరు వేళ్లు పెట్టి చూపించుకుంటున్నారు.

"అందరు నిన్నే చూస్తున్నరు బిడ్డా," అని మురిసిపోయాడు ప్రకాశం.

"నువ్వు ముందుకు చూసి నడుపు బాపూ," అంది రాజమణి. సిగ్గుపడుతూనే జడ సవరించుకుంది.

వాళ్లు మళ్లీ వాపసు రావడం చూసి సేటు మొహం మాడిపోయింది. "పెండ్లి పిల్లను గూడ ఇంతగనం చూసుకోరు గదమ్మా!"

"పెండ్లి పిల్ల బ్రేకేస్తే జారదు సేటూ."

మూడోది చూడ్డానికి ఏమీ లేదు. రెండు అడ్డ కడ్డీలు, అంతే. రాజమణి వాటికి పాత ట్యూబు రబ్బరు చుట్టింది. పైన బొంతలు పరిచి పడవలను బోర్లించింది. నడుముల దగ్గర పట్టీలు బిగించి, కొనలను తాళ్లతో ముందూ వెనకా బంపర్లకు కట్టింది. తర్వాత ఒక పడవను రెండు చేతులతో పట్టుకుని ఊపింది. కారు ఊగింది గానీ పడవ కదల్లేదు.

"బాపూ, ఇదే!" అని చప్పట్లు కొట్టింది.

ఆ చక్కర్‌లో ఎన్ని గుంతల్లో పడినా పడవలు బొంతల మీద హాయిగా పడుకున్నాయి. తండ్రీకూతుళ్లు పాట అందుకున్నారు. ఆ పాటతోనే తిరిగి వస్తూ కార్వాన్ మలుపులో టక్కున ఆగిపోయారు. రోడ్డు నిండా జనం. నెత్తిన మూటలు, చంకన పిల్లలు, మంచాలు, మేకలు, కుట్టుమిషన్లు. అందరూ మూసీకి వీపు తిప్పి పరుగెడుతున్నారు.

"ఏమైంది భాయ్?"

"మూసీ వస్తున్నది! హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిన్రంట!"

వెంకటనారాయణ సేటు దుకాణం షట్టరు సగమే దించి, భార్య చెయ్యి పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. "క్యారియర్ ముఫత్‌గ తీస్కో ప్రకాశం! మా కమలను ఒక్కదాన్ని పడవెక్కించు. నాకు ఈత వస్తది," అన్నాడు. అతనికి ఈత రాదని కార్వాన్ అంతా ఎరుగుదురు.

ప్రకాశం పడవల వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. వరదలోకి దింపితే ఈ నాజూకు పడవలు మిగలవు. పడవలు పోతే రేపటి పోటీ పోయినట్టే. ఆ మాట ఎలా అడగాలో తెలియక నీళ్లు నమిలాడు. ఈలోపే రాజమణి కారు దిగి ముడులు విప్పుతోంది.

"పోటీ మళ్లొచ్చే యేడు గూడ ఉంటది బాపూ. జల్ది రా, ముందుగాల ముసలోళ్లను ఎక్కిద్దాం."

ప్రకాశానికి కళ్లు చెమర్చాయి. ఈ పిల్ల ఏ కప్పు గెలిచి తెచ్చినా అతనికి అంత సంబరం కలిగేది కాదు. జనం తలా ఒక చెయ్యి వేసి పడవలను రోడ్డు మీదికి దించారు. దించీ దించగానే పూలమ్మే కాశమ్మ కోడిపెట్టను గుండెకు హత్తుకుని వచ్చి మొదటి పడవలో దర్జాగా కూర్చుంది.

రాజమణి తెడ్డు అందుకుని, "అవ్వా, నీళ్లు యాడి దాంక వచ్చినయి?" అని అడిగింది.

"నీళ్లు ఇంకా రాలే బిడ్డా."

"మరి గేట్లెత్తిన్రని నీకెవరు చెప్పిన్రు?"

"ఒకలు చెప్పాల్నా? పొద్దుగాల సంది సర్కారోళ్లు నల్ల కార్ల మీద పడవలేసుకొని ఈ తొవ్వెంట తిరుగుతనే ఉన్నరు, నా కండ్లతోని చూసిన!"