ప్రభుత్వం తరఫున

కాకినాడ కోర్టు వరండాలో నూకరత్నం అనే ముసలమ్మ, ప్రభుత్వ ప్లీడరు సువార్త నల్లకోటు పట్టుకుని ఆపింది.

"లాయరమ్మా, నా ఇల్లు కట్టిచ్చిందీ గవర్నమెంటే, కూలగొడతానంటందీ గవర్నమెంటే. ఇంతకీ నువ్వు ఏ గవర్నమెంటు తరఫున?"

సువార్త కోటు విడిపించుకుని లోపలికి నడిచింది. సముద్రం ఏ ఇంటిని మింగబోతుందో యంత్రం చెబుతుంది. చెప్పిన రోజు సాయంత్రానికే ఆ ఇల్లు తీసేయాలని చట్టం. ఆ చట్టాన్ని నిలబెట్టడమే సువార్త ఉద్యోగం. వాదన కూడా చెవిలోని మిషనే అందిస్తుంది. మనిషి నోట వస్తేనే చెల్లుతుంది కాబట్టి ఆమె పలకాలి. తమ ఇంట్లో మొదట చదువుకున్న మనిషి, ఇన్నాళ్లూ పొల్లుపోకుండా పలికింది.

యంత్రం ఆ పొద్దునే చెప్పిన నూకరత్నం ఇంటి కేసు పిలిచారు. చెవిలో మాట మొదలైంది. సువార్త మిషన్ తీసి గుప్పిట్లో దాచి, పాతకాలం ప్లీడర్ల మంత్రం అందుకుంది.

"డిపార్టుమెంటు నుంచి ఇంకా సూచనలు అందలేదండి. సోమవారం దాకా వాయిదా ఇప్పించండి."

గుప్పిట్లో అది కందిరీగలా రొద పెడుతూనే ఉంది. జడ్జిగారు ఆ చేతివైపే చూస్తూ కలం అందుకున్నారు. అంతలో గోడలోని స్పీకర్లోంచి డిపార్టుమెంటు గొంతు వినిపించింది.

"సువార్తగారిని విధుల నుంచి తప్పించాం."

వెనక బెంచీలోంచి ఇంకో ప్లీడరు లేచి, చెవిలో మిషన్ సర్దుకుని, ఆమె పలకాల్సిన వాదన అప్పజెప్పాడు. ఇల్లు కూల్చొద్దన్న నూకరత్నం పిటిషన్ జడ్జిగారు కొట్టేశారు.

సువార్త వెళ్లి నూకరత్నం పక్కన కూలబడింది. ముసలమ్మ కాస్త జరిగి చోటిచ్చింది.

"ఇప్పుడెవరి తరఫునే తల్లీ?"

"పొద్దు గుంకడానికి ఇంకా టైముంది మామ్మా. పద, సామాను మోద్దాం."