ట్యాంకు కుదిరిన చోటు

బోర్డులు రాసే తిప్పేష్ మా గృహప్రవేశానికి ఉరవకొండ ఊరి బొమ్మ గీసి పంపాడు. నిచ్చెన మీంచి పడి రెండేళ్లుగా అతను మంచం దిగలేదు. ఎక్కడినుంచి చూసి గీశాడని వచ్చినవాళ్లంతా అడుగుతుంటే, బొమ్మను ఫోన్లో ఫొటో తీసుకుని మిద్దె ఎక్కాను.

పాము పడగలాంటి కొండ కుదిరింది. నీళ్ల ట్యాంకు కుదరలేదు. బొమ్మలో అది కొండకు ఎడమవైపు ఉంటే, నాకు కుడివైపు కనిపిస్తోంది. కుడికి జరిగాను. వెనక్కి జరిగాను. పిట్టగోడ తగిలినా ట్యాంకు కొండను దాటలేదు. పైగా బొమ్మలో ట్యాంకు కొండకంటే ఎత్తుగా ఉంది. అంటే గీసినవాడు నేలకు దగ్గరగా ఉన్నాడు.

పిట్టగోడ మీంచి వంగి చూస్తే, కింద తిప్పేష్ రేకుల ఇల్లు కనిపించింది.

వెళ్లి అతని మంచం మీద కూర్చున్నాను. ఎదురుగా ఉన్న కిటికీ నిండా మా గోడే. వాళ్లవైపే కదా అని సిమెంటు పూత కూడా పూయించలేదు. పునాది తీసేటప్పుడు "రొంత సందు వదులన్నా" అని కబురు పెట్టాడు. గాలి కోసమైతే ఫ్యాను పెట్టుకోమని చెప్పి పంపాను.

"ఎప్పుడు గీసినావప్పా?"

"నువ్వు గోడ లేపినాకే అన్నా. కనపడినన్ని దినాలు గీయాలనే అనిపించలేదు."

ఫోన్ తీసి ఆ బొమ్మను మళ్లీ చూశాను.

"మీ హాల్లో యాడ తగిలిచ్చినావన్నా?" ఆశగా అడిగాడు.

కిటికీలోంచి ఆ ఇటుకలనే చూశాను. బొమ్మ ఆ గోడకే ఉంది, అవతలివైపు.